నోటీసు అంటించిన స్థలం

నేను ఒక గడ్డి కోసే మిషన్‌ని. ఇప్పుడు మున్సిపల్ స్టోరులో ఒక మూల పడి ఉన్నాను. మొదట నన్ను కొన్నది ఒక నిమ్మతోట రైతు. ఏది గడ్డో ఏది మొక్కో ఆయనకు తెలుసు కాబట్టి ఆయన దగ్గర రెండేళ్లు గౌరవంగా బతికాను. తోట ఎండిపోయాక ఇక్కడికి చేరాను. ఇక్కడ ఆ తేడా ఎవరికీ అక్కర్లేదు.

మా మున్సిపాలిటీకి ఒక నిబంధన ఉంది. ఖాళీ స్థలంలో పిచ్చిమొక్కలు పెరిగితే యజమానే కొట్టించాలి. కొట్టించకపోతే నోటీసు ఇచ్చి, పదిహేను రోజులు చూసి, మేమే కొట్టాలి. కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. మా ఊళ్లో మస్తానమ్మ అనే ఆమె ఇంటి పక్క ఖాళీ స్థలం ఉంది, దాని యజమాని ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. అందుకని నోటీసును ఆ స్థలంలోని హద్దురాయికే అంటించి వచ్చారు. దాన్ని ఒక మేక తినేసింది. రెండు నెలలు గడిచాయి, వయ్యారిభామా ఉమ్మెత్తా నడుమెత్తు పెరిగాయి.

మస్తానమ్మ కూతురు పచ్చి బాలింత. ఆ పొదల్లోంచి ఒకరోజు పాము వచ్చి పసిబిడ్డ ఉయ్యాల కింద చుట్ట చుట్టుకుంది. మస్తానమ్మ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి కూతురి చేత ఫోన్లో ఫిర్యాదు పెట్టించింది. ఫిర్యాదుకు గడువుంటుంది. ఆ గడువు ముగిసే రోజున ఇన్‌స్పెక్టరు భాస్కరం నన్నూ, నన్ను నడిపే యోహానునూ వెంటబెట్టుకొచ్చాడు. తల్లీకూతుళ్లు బిడ్డకు టీకా వేయించడానికి వెళ్లారు.

"ఓనరు లేకుండా ఆ స్థలంలో దిగితే రేపు కోర్టుకు లాగుతాడ్రా. ఈమె పెరడు కొట్టెయ్," అన్నాడు భాస్కరం.

"సార్, అది గోంగూరండీ. ఆమె ఏసుకుంది."

"ఫోటోలో గోంగూరో గడ్డో ఎవడికి తెలుస్తది? సాయంత్రంలోగా ఫోటో ఎక్కించకపోతే నాకు మెమో వస్తది."

యోహాను తాడు లాగాడు. ఎన్నోసార్లు ఊరికే మొరాయించిన దాన్ని, ఆ రోజు ఒక్క లాగుకే లేచాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది. గోంగూర, తోటకూర, బచ్చలి పాదు అన్నీ నేలమట్టం చేశాను. భాస్కరం ఫోటో తీసి ఎక్కించాడు.

మేం సర్దుకుంటుండగానే వాళ్లు తిరిగొచ్చారు. అప్పుడే కూతురి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని చదివి వినిపించింది.

"పామున్న చోటు వదిలేసి నా కూరాకు మీద పడ్డారేందయ్యా? అదేం పాపం జేసింది?" అంది మస్తానమ్మ. భాస్కరం అప్పటికే బండెక్కాడు.

మర్నాడు ఆమె కొడవలి తీసుకుని తానే ఆ పొదల్లోకి దిగింది. రక్తపింజర కుడిచేతి మీద కాటేసింది. ప్రాణం దక్కింది గానీ రెండు వేళ్లు తీసేశారు. "పరాయి స్థలంలోకి ఎందుకు దిగావమ్మా, నేరమని తెలీదా?" అని ఆఫీసులో ఆమెనే మందలించారు.

పేపర్లో వార్త పడ్డాక మా పెద్దసారుకు, అంటే కమిషనరుకు, కోపం వచ్చిందట. ఆ మధ్యాహ్నమే నన్ను ఆ స్థలంలోకి దింపారు. యజమాని ఊసు ఎవరూ ఎత్తలేదు. చేతికి కట్టుతో మస్తానమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. స్థలమంతా కొట్టడానికి నాకు అరగంట పట్టింది.