డమారిస్ పట్టుకున్న చోట

శనివారం తెల్లారేసరికి హిట్టీ ఇంట్లో ఊరందరి పిండి తొట్లు బారులు తీరేవి. ఆదివారం పొయ్యి ముట్టించడం పాపం కాబట్టి రొట్టెలన్నీ ముందురోజే కాల్చుకోవాలి. మసాచుసెట్స్ తీరంలో చలికాలమంటే బావిలో బొక్కెన కూడా బిగుసుకుపోతుంది, ఇంక పిండి పొంగమంటే ఏం పొంగుతుంది? హిట్టీ కుడి మణికట్టు ఆనిస్తే మాత్రం పొంగేది. ఎవరో చేత్తో పట్టుకున్నంత మేర ఆ మణికట్టు ఎప్పుడూ వెచ్చగా ఉండేది. మంచులో ముంచినా చల్లారేది కాదు.

"కాస్త గట్టిగా ఆనించవే హిట్టీ. పోయిన వారం రొట్టె కొరికి మా ఆయన పన్ను ఊడిందంటున్నాడు."

"ఆ పన్ను నిరుడే ఊడింది కదా పిన్నీ."

అందరూ నవ్వుకుని తొట్లు ఎత్తుకుని పోయేవాళ్లు. ఆ వేడి ఎవరిదో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కానీ ఆ రొట్టె తింటూ ఆ పేరెత్తడానికి ఎవరికీ నోరు రాలేదు.

హిట్టీకి పన్నెండేళ్లప్పుడు ఊరికి మంత్రగత్తెల పిచ్చి పట్టింది. ఆడపిల్లలు కిందపడి గిలగిల్లాడేవాళ్లు. ఎవరు చేశారని పెద్దలు అడిగితే పేర్లు చెప్పేవాళ్లు. కోర్టులో ఒక పరీక్ష పెట్టారు. పేరు పడ్డ ఆడమనిషి చేత ఆ పిల్లని ముట్టించాలి. ముట్టగానే మూర్ఛ తగ్గిందా, పంపిన విషాన్ని వెనక్కి లాక్కున్నట్టు, అంటే మంత్రగత్తేనన్నమాట. తగ్గకపోతే ఏమిటని అడిగే అవసరం ఎప్పుడూ రాలేదు. హిట్టీ కూడా అలాగే పడి, పక్క పొలం డమారిస్ ప్రూయెట్ పేరు చెప్పింది. ఆమెని తీసుకొచ్చి హిట్టీ మణికట్టు పట్టుకోమన్నారు. పట్టుకుంది. హిట్టీ కుదుటపడింది. ఆ వేసవిలోనే డమారిస్‌ని ఉరి తీశారు. మణికట్టు మీది వేడి మాత్రం పోలేదు.

పెద్దయ్యాక చర్చి సంఘంలో చేర్చుకోమని అడిగితే, ముందు తప్పు ఒప్పుకోమన్నారు. బోధకుడే ఒప్పుకోలు రాసి, వేదిక మీద నుంచి తనే చదివాడు. హిట్టీ తల వంచుకుని నిలబడితే చాలు. 'సైతాను నన్ను భ్రమపెట్టాడు' అన్న చోట ఊరు ఊరంతా కళ్లొత్తుకుంది. సైతాను అనేసరికి అందరి గుండెల్లోనూ బరువు దిగింది మరి! డమారిస్ కూతురు జెరూషా ఒక్కతే మధ్యలో లేచి బయటికి పోయింది. ఆమె ఇంటి నుంచి పిండి తొట్టి ఏనాడూ రాలేదు. రాయిలాంటి రొట్టె జావలో నానేసుకుని తినేది.

హిట్టీ మటుకు సుఖపడిందా ఏమన్నానా. ఈ వేడి తీసెయ్యి ప్రభువా అని రోజూ వేడుకునేది.

ఒక శనివారం తొట్లు ఇంకా ఖాళీ కాకముందే మంత్రసాని కెజియా రొప్పుకుంటూ వచ్చింది.

"జెరూషాకి ఆడపిల్ల పుట్టింది. ఒంట్లో వేడి లేదు, ఏడుపు లేదు. పొయ్యి దగ్గర పెట్టినా నీలంగానే ఉంది. రావే."

"తను రమ్మందా పిన్నీ?"

"రమ్మనలేదు. వెళ్లగొడితే వెళ్లగొడుతుంది. ముందు నడు."

ఇద్దరూ పొలానికి అడ్డంపడి మంచులో పరిగెత్తారు. హిట్టీని చూసి జెరూషా మొహం తిప్పుకుంది, కానీ దుప్పటి మడత మాత్రం విప్పింది. హిట్టీ మణికట్టు పిల్ల రొమ్ము మీద ఆనించింది. ఊరందరి పిండినీ పొంగించిన ఆ వేడి ఈ పిల్లలోకి ఇసుమంతైనా దిగలేదు. కెజియా పిల్ల ముక్కు దగ్గర ఈక పెట్టి చూసింది. ఈక కదిలీ కదలనట్టు ఉంది.

"అది మా అమ్మ చెయ్యి," అంది జెరూషా. "నువ్వు వదిలితే గదా దిగేది."

"నేనేం పట్టుకోలేదు జెరూషా. అప్పుడు సైతాను నన్ను..."

"ఈ గదిలో నువ్వూ నేనూ కెజియా పిన్నీ. నాకైతే ఇంకెవరూ కనబడ్డంలేదు. మా అమ్మ పేరే ఎందుకు చెప్పావే?"

బోధకుడు రాసిన మాటలు ఒక్కటీ హిట్టీకి పనికిరాలేదు.

"ఎవరు, ఎవరు అని పెద్దలు నా మీద పడ్డారు. మీ పందులు మా మొక్కజొన్న తొక్కాయని మా నాన్న రెండేళ్లు భోజనానికి కూర్చున్నప్పుడల్లా మీ అమ్మని తిట్టాడు. నాకు నోటికొచ్చిన పేరు అదే. చెప్పగానే నాన్న నా తల నిమిరాడు. అంతకుముందు ఎప్పుడూ నిమరలేదు."

"మరి ముట్టుకుంటే ఎందుకు ఆగావు?"

"నాకు మూర్ఛే లేదు జెరూషా. పొద్దుట్నుంచీ పడీ పడీ ఒళ్లు హూనమైంది. ఎలా ఆగాలో తెలీలేదు. మీ అమ్మ చెయ్యి పట్టుకుని, నాకొక్కదానికే వినబడేట్టు, 'చాల్లే తల్లీ, దెబ్బలు తగుల్తాయి' అంది. వెచ్చగా ఉంది. అందుకని ఆగాను. ఆగితే ఏమవుతుందో తెలుసు. తెలిసే ఆగాను. సైతానూ లేదు, ఎవరూ లేరు. నేనే."

అప్పుడు హిట్టీ మణికట్టు మీద డమారిస్ పట్టు సడలింది. ముందు చిటికెన వేలు, తర్వాత మిగతా వేళ్లు, చివరికి బొటనవేలు. పిల్ల రొమ్ము ఎర్రబడింది, పెదాలు ఎర్రబడ్డాయి. ఒక్క కేక పెట్టింది. కెజియా నేల మీదే కూలబడి దేవుణ్ణి తలుచుకుంది.

జెరూషా పిల్లని లాక్కుని పాలకి పట్టింది. పిల్ల తలని, వీపుని, కాళ్లని పదే పదే తడుముకుంది. హిట్టీ మంచం పక్కన నిలబడే ఉంది. ఏదో ఒక మాట, తిట్టైనా సరే, పడుతుందని చూసింది.

"వెళ్తూ తలుపు దగ్గరగా వెయ్యి," అంది జెరూషా తలెత్తకుండా. "పిల్లకి చలి."

హిట్టీ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. గాలికి చెయ్యి మొద్దుబారింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చూసుకుంది. ఇన్నేళ్లూ దీన్ని తీసెయ్యమనే కదా వేడుకుంది. ఇప్పుడక్కడ మామూలు చర్మం తప్ప ఏమీ లేదు. డమారిస్ ప్రూయెట్ చచ్చిపోయిందన్న సంగతి ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ గుమ్మం ముందే మంచులో కూర్చుని, చావు కబురు ఇప్పుడే అందినదానిలా గుండెలు బాదుకుని ఏడ్చింది.