బంక కాచిన కోడలు

మా పెళ్ళయిన నలభై రెండో రోజు మధ్యాహ్నం, నేను వండిన సాసు ఒక చెంచా నోట్లో పెట్టుకుని మామయ్యగారు చెంచా కింద పెట్టేశారు. కంచంలోంచి కొంచెం వేలితో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్ళు మెల్లగా విడదీశారు. సన్నటి తీగ సాగింది. తెగలేదు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆయన మాత్రం తలొంచుకుని, ఉడికించిన క్యారెట్ ముక్కల మీద ఆ తెల్లటి ముద్ద ఇంకో రెండు చెంచాలు వేసుకుని, వెరైటీగా ఉందన్నాడు. నలభై రెండు రోజులుగా నేనేం పెట్టినా ఆయనకి వెరైటీగానే ఉంటోంది. మాడిపోయిన రొట్టె కరకరలాడుతుంది, ఉడకని బంగాళాదుంప గట్టిగా బలంగా ఉంటుంది. ఇలాంటి మనిషికి వండిపెట్టడం చాలా హాయి, కానీ వంట మాత్రం ఎప్పటికీ రాదు.

అసలు తప్పంతా ఆయన సెలవుది. మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. బుధవారం సెలవు. ఆ బుధవారం నేను పత్రికలోంచి కత్తిరించి దాచుకున్న వంట ఒకటి చేద్దామనుకున్నాను. కూరగాయలు ఉడికించి, మైదా, పాలతో కాచిన సాసు వాటి మీద పోసి, రొట్టెతో తినడం. పది నిమిషాల్లో ఎవరైనా చేయగలరని రాసుంది. ఎవరైనా అంటే మూడేళ్ళు కెమిస్ట్రీ చదివిన నేను కూడా వస్తాను కదా. ముందుగా మైదాని చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకోమంది. కలిపాను. అప్పుడు మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, బాల్కనీలో ఒక పిచ్చుక తన బూటులో గడ్డి దాస్తోందని, వచ్చి చూడమని పిలిచాడు.

పిచ్చుకని చూడటానికి అరనిమిషం చాలు. మేం మూడు గంటలు చూశాం. మామయ్యగారు పొద్దున్నే బయటికి వెళ్ళారు కాబట్టి, మధ్యలో రెండుసార్లు కాఫీ కలుపుకుని మళ్ళీ వెళ్ళి చూశాం. కింద మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినిపించాక నేను వంటింట్లోకి పరిగెత్తితే, కలిపిన మైదా అలాగే ఉంది, పాలు మాత్రం మా కాఫీలకి అయిపోయాయి. పాలు లేకపోతేనేం అని నీళ్ళే పోసి, ఉప్పూ మిరియాలూ వేసి, భయంతో చెయ్యి ఆపకుండా కలుపుతూ కాచాను.

"అమ్మాయ్, ఇందులో పాలు పోశావా?" అని మామయ్యగారు అడిగారు.

లేదన్నాను.

"వెన్న?"

అదీ లేదన్నాను.

"ఉప్పు వేసినట్టున్నావ్. ఉప్పు వెయ్యకూడదు" అని ఆయన కంచం పట్టుకుని లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు.

నాన్నకి వంట నచ్చకపోతే మొహం మీదే చెప్పేస్తారు గానీ, ఇలా కంచం ఎత్తుకుపోవడం తను పుట్టాక చూడలేదని మా ఆయన నన్ను ఓదార్చాడు. అది ఓదార్పో కాదో తేలక, ఇద్దరం మెల్లగా వెళ్ళి గదిలోకి తొంగిచూశాం. మామయ్యగారు బ్రష్షుతో నా సాసుని ఒక అట్టముక్క మీద పలచగా పూసి, దానిమీద గుడ్డపీలిక పరిచి, అరచేత్తో నిమురుతున్నారు. మిరియాల పలుకు ఒకటి అడ్డొస్తే గోటితో తీసేశారు.

"మీ అత్తయ్య పోయాక ఇలాంటి బంక నేను చూళ్ళేదు తల్లీ" అన్నారు, తలెత్తకుండా.

మామయ్యగారు పుస్తకాలు బైండు చేస్తారు. చేసేవారు. ముప్పై నాలుగేళ్ళపాటు బళ్ళ పుస్తకాలూ, ఆఫీసుల రిజిస్టర్లూ, ఎవరెవరి ఇళ్ళల్లోవో చిరిగిపోయిన నిఘంటువులూ ఆ గదిలోనే కుట్టి, అట్టలు వేసి, ఇనపచక్రం ఉన్న పాత చేతి ప్రెస్సులో బిగించేవారట. బంక మాత్రం అత్తయ్యగారు వంటింట్లో కాచి ఇచ్చేవారు. నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయారు. ఆయన సీసాల్లో దొరికే జిగురు తెచ్చి రెండేళ్ళు ప్రయత్నించారు. ఆరాక అది గాజులా బిగుసుకుపోయేది. పుస్తకం నాలుగుసార్లు తెరిచేసరికి వెన్ను ఫటీమని పగిలేది. చేసిచ్చిన పుస్తకాలు తిరిగొస్తుంటే చూడలేక పని మానేశారు.

మానేశాక ఆయనకి ఆ గది బరువైపోయింది. ఆ బుధవారానికి రెండు రోజుల ముందే, సోమవారం, మమ్మల్ని కూర్చోబెట్టి, ఆదివారం నాడు మూల మీది జిరాక్సు దుకాణం ఆయన వచ్చి ప్రెస్సు తీసుకెళ్తాడని, తను ముందుగదిలోకి మారిపోతానని, ఆ గది మా ఇద్దరికీ అని చెప్పారు.

మా ఇల్లు రెండు గదులూ ఒక వంటిల్లూ. మేమిద్దరం ముందుగదిలో, లాగితే మంచంగా మారే సోఫా మీద పడుకుంటాం. వీధి తలుపు తెరిస్తే మేమే కనిపిస్తాం. మామయ్యగారు మంచినీళ్ళకి వెళ్ళాలన్నా మా పక్క నుంచే వెళ్ళాలి, పాపం దగ్గుకుంటూ వెళ్తారు. మాకు ఒక తలుపు కావాలి. ఎంత కావాలంటే, ఎందుకు మామయ్యగారూ, ఇప్పుడేం తొందర అని నోటితో అంటూనే, మనసులో కిటికీకి పసుపుపచ్చ కర్టెన్లు కొలతలు తీసి కుట్టేశాను.

ఆ బుధవారం సాయంత్రం మామయ్యగారు ఒక కాగితం మీద రాసిచ్చారు. మైదా ఒక గ్లాసు, నీళ్ళు ఆరు గ్లాసులు, దించాక పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. అది విషం కాబట్టి దానికి వేరే గిన్నె, వేరే గరిటె. "ఇవాళ చేసినట్టే చెయ్యి. ఉప్పూ మిరియాలూ వద్దు" అన్నారు. ఆయన గొంతులో ఆశ ఉంది. అది విని నాకు కొంచెం భయం వేసింది.

గురువారం చాలా శ్రద్ధగా కాచాను. ఉండలు కట్టింది. శుక్రవారం పొద్దున్న ఇంకా శ్రద్ధగా కాచాను. నీళ్ళు నీళ్ళుగా వచ్చి, అట్టకి పట్టకుండా జారిపోయింది. మామయ్యగారు అలవాటు లేని పని, పర్వాలేదులే అని, బ్రష్షులు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పాత కాగితంలో చుట్టి దారం కట్టారు. కట్టేటప్పుడు ఆయన ముడి రెండుసార్లు వేశారు, ఇక విప్పే పని లేదన్నట్టు.

నిజం చెప్పాలంటే, గురువారం బంక ఉండలు కట్టినప్పుడు నాకు లోపల ఒక మూల చిన్న సంతోషం కలిగింది. పసుపుపచ్చ కర్టెన్లు ఊగాయి. ఆ సంతోషానికి సిగ్గేసింది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం గిన్నె తోముతుంటే విషయం తట్టింది. బుధవారానికీ మిగతా రెండు రోజులకీ తేడా నా శ్రద్ధ కాదు. బుధవారం పిండి మూడు గంటలు చల్లటి నీళ్ళలో నానింది. పిండిలో ప్రతి రేణువూ ముందు నీళ్ళు తాగి ఉబ్బాలి, తర్వాతే వేడి తగలాలి. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న సంగతే ఇది. తోముతున్న గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకో రెండు రోజులు నోరు మూసుకుంటే ప్రెస్సు వెళ్ళిపోతుంది, మాకు తలుపు వస్తుంది. చెప్పాలంటే ఆ మూడు గంటలూ పిండి ఎందుకు నానిందో కూడా చెప్పాలి.

సాయంత్రం మా ఆయన రాగానే బాల్కనీలోకి లాక్కెళ్ళి చెప్పాను. మామయ్యగారి ముందు నేను మా ఆయన్ని మీరు అంటాను, బాల్కనీలో నువ్వు అంటాను.

"చెప్తే గది పోతుంది" అన్నాడు.

"నువ్వు చెప్పు, ఏం చేద్దాం?"

ఆయన కాసేపు బూటులో గడ్డి చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు తను లేచేసరికి వంటింటి గట్టు మీద రోజూ ఒక గిన్నె మూత పెట్టి ఉండేదని, దాన్ని ముట్టుకుంటే అమ్మ చెయ్యి మీద ఒకటి వేసేదని, అందులో ఏముందో ఎప్పుడూ అడగలేదని అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ, "పిచ్చుక సంగతి మాత్రం నువ్వే చెప్పుకో" అన్నాడు.

మామయ్యగారు గదిలో దారపు ఉండలు పెట్టెలో సర్దుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, పిండి నానాలండీ, కనీసం మూడు గంటలు అన్నాను.

"నీకెలా తెలిసింది?"

"బుధవారం నానిందండీ."

"ఎందుకు నానింది?"

అబద్ధం ఒకటి వెతుక్కున్నాను, దొరకలేదు. "పిచ్చుక వచ్చిందండీ" అన్నాను.

మామయ్యగారు నన్ను చూసి, నా వెనకున్న కొడుకుని చూశారు. మా ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"మూడు గంటలు ఉందా పిచ్చుక?"

మామయ్యగారు నవ్వారు. నేనొచ్చాక ఆయన భుజాలు ఊగేలా నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకోవడం అయ్యాక కూడా అది పెట్టుకోలేదు.

"ఆ గిన్నె ముప్పై నాలుగేళ్ళు నా కళ్ళ ముందే ఉంది అమ్మాయ్. ఒక్కరోజైనా మూత తీసి చూళ్ళేదు నేను. బంక కాచడం ఎంతసేపు, పొయ్యి మీద పెడితే అయిపోతుంది అనేవాణ్ణి మీ అత్తయ్యతో. ముందు ఇంత పని ఉందని తనూ చెప్పలేదు."

ఆయన లేచి బ్రష్షుల పొట్లం తీసి, ముడి విప్పడానికి అవస్థ పడి, చివరికి కత్తెరతో దారం కోసేశారు.

శనివారం తెల్లారి లేచి పిండి నానబెట్టాను. తొమ్మిదింటికి పొయ్యి మీద పెట్టాను. మామయ్యగారు పక్కనే నిలబడి, మంట తగ్గించు, తిప్పు, అడుగు నుంచి తిప్పు అంటూనే ఉన్నారు. తెల్లగా ఉన్నది ఉన్నట్టుండి గాజులా మెరవడం మొదలుపెట్టింది. గరిటె ఎత్తితే జారింది గానీ తెగలేదు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

మా ఆయన పదో తరగతి అట్లాసు ఒకటి వెన్ను విరిగి అలమరలో పడుంది. మామయ్యగారు దాన్ని తీసి, పాత జిగురంతా గోకి, మళ్ళీ కుట్టి, నా బంక పూసి, కొత్త గుడ్డ వేసి, ప్రెస్సులో పెట్టి చక్రం బిగించారు. ఆ బిగింపులో ఆయన చేతి నరాలు పొంగడం చూశాను. మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు. ఆ రోజంతా ఆయన ఆ గదిలోకి పదిసార్లు వెళ్ళి, ముట్టుకోకుండా వచ్చారు.

ఆదివారం జిరాక్సు దుకాణం ఆయన చెప్పిన వేళకి ఇద్దరు కూలీలతో, తాళ్ళతో వచ్చేశాడు. మామయ్యగారు ఆయన్ని కూర్చోమని, చక్రం వదులు చేసి, అట్లాసు తీసి బల్ల మీద పెట్టారు. సరిగ్గా మధ్యలోకి తెరిచారు. చప్పుడు లేదు. రెండు వైపులా చదునుగా పడుకుంది. మూసి మళ్ళీ తెరిచారు. ఎనిమిది సార్లు తెరిచారు, నేను లెక్కపెట్టాను. వెన్ను వంగింది గానీ పగల్లేదు.

"ప్రెస్సు ఇవ్వడం కుదరదండీ" అన్నారు, దుకాణం ఆయనతో. "నాకు పని ఉంది."

ఏం పని అని ఆయన అడిగాడు. మామయ్యగారు నన్ను చూపించి, మా కోడలు బంక కాస్తుందన్నారు. దుకాణం ఆయనకి ఏమీ అర్థం కాలేదు. కాఫీ తాగి, తాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

పసుపుపచ్చ కర్టెన్లు ఆ రోజు మనసులోంచి తీసి మడతపెట్టేశాను. బాధ వేయలేదని అనను. సోఫా లాగి మంచం చేస్తుంటే మా ఆయన, మనకి తలుపెందుకు, దాచుకోవాల్సిన నగలేమన్నా ఉన్నాయా అన్నాడు. ఆయనకీ బాధగానే ఉందని అప్పుడు తెలిసింది.

సోమవారం మామయ్యగారు రెండింతలు బంక కావాలన్నారు. మంగళవారం ఇంకా ఎక్కువ అడిగారు. గది తలుపు మూసుకుని పనిచేస్తున్నారు, భోజనానికి వస్తే మోచేతుల దాకా బంక. ఏదో పెద్ద ఆర్డరు వచ్చిందనుకుని నేను పొంగిపోయాను. ఎవరి పుస్తకాలని అడిగితే, ఒకటే పుస్తకం, కాస్త పెద్దది అన్నారు.

బుధవారం మధ్యాహ్నం మా ఆయన్ని పిలిచి ఒక కొస పట్టుకోమన్నారు. ఇద్దరూ కలిసి దాన్ని గుమ్మంలోంచి అడ్డంగా తిప్పి, అవస్థపడి ముందుగదిలోకి తెచ్చి నిలబెట్టారు. మూడు పలకలు. అట్ట మీద అట్ట అతికించి, అంచులకి చెక్కపట్టీలు కొట్టి, ముదురు ఆకుపచ్చ బైండింగు గుడ్డ ముడత లేకుండా తొడిగినవి. ఒక్కొక్కటీ నా కంటే జానెడు ఎత్తు. పలకకీ పలకకీ మధ్య బందులు లేవు, మేకులు లేవు. పుస్తకం వెన్నులాగే గుడ్డ కీళ్ళు. తోస్తే తెరుచుకుంది, లాగితే మూసుకుంది, ఎక్కడా చప్పుడు లేదు. సోఫా చుట్టూ తిప్పి నిలబెడితే వీధి తలుపు కనబడదు, వంటిల్లు కనబడదు, మేం ఎవరికీ కనబడం.

నేను వెళ్ళి ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టాను. ఇంకా చల్లగా ఉంది.

"ఆనుకోకండి. మూడు రోజులు ఆరాలి" అన్నారు మామయ్యగారు, చేతులు తుడుచుకుంటూ.

ఆయన గదిలోకి వెళ్ళగానే మేమిద్దరం తెర వెనక్కి దూరి సోఫా మీద కూర్చున్నాం. చేసే పనేం లేదు. మధ్యాహ్నం రెండు గంటలు, వంటింట్లో గిన్నెలు అలాగే ఉన్నాయి. అయినా అక్కడ ఉన్న ఆకుపచ్చ చీకటి మాది. మా ఆయన నా చెవిలో, ఇక ఇంట్లో కూడా నువ్వు అనొచ్చు అన్నాడు. సరే నువ్వు అన్నాను. ఇంకోసారి అనమన్నాడు. అన్నాను. ఇందులో నవ్వడానికి ఏముందో నాకిప్పటికీ తెలియదు, కానీ ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

తెర అవతలి నుంచి, మంచినీళ్ళకి వెళ్తున్న మామయ్యగారు ఈసారి దగ్గలేదు.

"అది అట్ట తల్లీ, గోడ కాదు" అన్నారు. "అన్నీ వినిపిస్తాయి."