బూచికి జోల

చెత్తబుట్ట గడప బయట పెట్టి వెనక్కి తిరిగేసరికి తలుపు దానంతటదే మూసుకుంది. టిక్కుమంది. లోపల పొయ్యి మీద పాలు. పొయ్యి చుట్టూ గంతులేస్తూ మూడేళ్ల కూతురు పిచ్చుక. ఫోనూ లోపలే.

తాళంచెవి లేని తాళం అది, ఈమధ్యే పెట్టించారు. వేలు పెడితే తెరుచుకుంటుంది. గిన్నెలు తోమి తోమి ముడతలు పడ్డ వేలు పెట్టింది. ఎర్ర దీపం. కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రదే. మొగుడు బట్టీ పట్టించిన అంకెలు నొక్కింది. కంగారులో ఒకటి నొక్కబోయి ఇంకోటి. మళ్ళీ, మళ్ళీ. చివరికి తాళమే నోరు తెరిచింది. "తప్పు సంఖ్య. కాసేపు ఆగి ప్రయత్నించండి."

కాసేపట! పాలు ఆగుతాయా? పొంగి మంట ఆరిపోతే గ్యాసు ఆగుతుందా?

"పిన్నీ!" అని ఆమె పెట్టిన కేకకి ఎదురింటి దర్జీ పిన్ని మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. సంగతి విని తలుపు దబదబా బాదింది. "దీనికన్నా మా ఆయన నయమే తల్లీ, పదిసార్లు పిలిస్తే ఒకసారైనా పలుకుతాడు" అంటూనే తన ఫోన్‌లో ఆమె మొగుడికి కలిపింది.

"తాళం బిగుసుకుంది, ఇప్పుడు బయట్నించి ఏం చేసినా లాభం లేదు" అన్నాడతను. "లోపల పిడి మీద గుండ్రటి మీట ఉందిగా, పిచ్చుకకి అందుతుంది. దాంతో నొక్కించు. నేను బయల్దేరుతున్నా."

తాళం పెట్టిన రోజే పిల్ల ఆ మీట నొక్కి మెట్ల దాకా పోయింది. హడలిపోయి, "దాన్లో బూచి ఉందే, ముట్టుకుంటే కరుస్తుంది" అని నూరిపోసింది తనే. ఆనాటి నుంచి పిల్ల తలుపు ఛాయలకే రాదు.

"పిచ్చుకా! బంగారూ! తలుపు దగ్గరికి రామ్మా!"

"లాను. బూచి."

"బూచి లేదు తల్లీ, అమ్మ అబద్ధం చెప్పింది!"

"ఉంది! ఇప్పుడే మాట్లాలింది. నేను విన్నా."

నిజమే, తాళం మాట్లాడింది కదా! పిన్ని తల పట్టుకుంది. అంతలో లోపల చుయ్యిమని చప్పుడు. పాలు పొంగాయి. ఇంకాసేపటికి తలుపు సందులోంచి గ్యాసు వాసన సన్నగా తగిలింది. అరిస్తే పిల్ల ఏ మంచం కిందో దూరుతుంది. బూచి లేదంటే నమ్మదు. ఆమె చెక్కకి నోరు ఆనించింది.

"ఒసేయ్ పిచ్చుకా, పాపం బూచికి నిద్దరొస్తోందటే. జోకొట్టేవాళ్ళు లేక ఏడుస్తోంది."

"వాళ్ళమ్మ లేదా?"

"బయట చిక్కుకుపోయిందమ్మా. నువ్వు బొమ్మకి జోకొడతావే, అలా దాని పొట్ట మీద కొట్టు. గుండ్రంగా ఉంటుంది చూడు, అదే పొట్ట."

చిన్న చిన్న అడుగులు. ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"కలవదుగా?"

"నిద్దరొచ్చినవాళ్ళు కరవరమ్మా."

"జో... జో..." తప్, తప్. మెత్తటి అరచెయ్యి. ఏమీ కాలేదు. "ఇంకాస్త గట్టిగా, తల్లీ, ఇంకా ఏడుస్తోంది." తప్! టిక్కుమంది.

ఆమె తలుపు తోసుకుని వంటింట్లోకి దూకింది. మంట ఆరిపోయి ఉంది. పొయ్యి కట్టేసింది, కిటికీలన్నీ బార్లా తెరిచింది. "పిన్నీ, స్విచ్చులేవీ ముట్టుకోకు!" అని అరిచి, పిల్లని చంకనేసుకుని మెట్ల మీదకొచ్చి కూలబడింది. గుండెల్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

పిచ్చుక గబుక్కున ఆమె నోరు మూసింది. "ష్! లేత్తుంది."

కూతురి అరచేతి వెనక, చప్పుడు బయటికి రానీకుండా, ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.