పైపు మీద మూడు దెబ్బలు

సంచిలో రెండు చీరలు, తువ్వాలు, సబ్బుపెట్టె, రిపోర్టుల కవరు సర్దాక ఆమె వంటింటి కిటికీలోంచి గరిటె తీసి వాటి పైన పెట్టింది. కాడ వంగిపోయిన పాత ఇనప గరిటె. గుమ్మంలో కూర్చుని చెప్పులకంటిన మట్టి గీకుతున్న తమ్ముడు తలెత్తి చూశాడు.

"ఆస్పత్రికి గరిటెందుకే అక్కా?"

"నర్సుని పిలవాలంటే ఎలా మరి? మంచానికేసి కొడతా."

"కొట్టు, కొట్టు. రెండోరోజుకల్లా నిన్నూ గరిటెనీ కలిపి రోడ్డున పెడతారు."

ఆమె నవ్వబోయి కడుపు పట్టుకుంది. రెణ్ణెల్లుగా నవ్వితే అక్కడ సూది దిగినట్టవుతోంది. కాసేపాగి గరిటె బయటికి తీసి మళ్లీ కిటికీలో పెట్టేసింది. "ఉండనీ. నేను లేనప్పుడు నా బదులు ఇదైనా ఉంటుంది ఇంట్లో."

ఎదురుగా పీట మీద కూర్చున్న మొగుడికి ఈ మాటలేవీ వినపడలేదు. వాళ్లు నవ్వడం చూసి ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వాడు.

వీధిలో అందరూ ఆయన్ని గాలి మావ అంటారు. అసలు పేరు ఓట్ల జాబితాకి తప్ప ఇంకెవరికీ పనికి రాలేదు. ముప్పై రెండేళ్లుగా ఆయన పని గాలి కొట్టి నీళ్లు తోడడం. ఆ నలభై ఇళ్లకీ ఉన్నది ఒక్కటే బోరు బావి. నీళ్లు ఎక్కడో అట్టడుగున ఉన్నాయి. మోటారు దించితే ఇసుక దాన్ని నెల తిరక్కుండా నమిలేస్తుంది. అందుకని పైన డీజిలు ఇంజను, దానికి బెల్టుతో తగిలించిన కంప్రెసరు, అందులోంచి బోరులోకి దిగే సన్నటి నల్ల గొట్టం. గాలి అడుగుదాకా పోయి, నీళ్లలో బుడగలై కలిసి, వాటిని తేలిక చేసి పెద్ద పైపులోంచి పైకి మోసుకొస్తుంది. ముందు ఉత్త గాలి దగ్గుతుంది. తర్వాత బురద. ఆ తర్వాత నీళ్లు, ఆగి ఆగి, పాలలా తెల్లగా. గ్లాసులో పట్టి పెడితే కిందినుంచి పైకి మెల్లగా తేటపడతాయి. పెళ్లయిన కొత్తలో ఆమె ఆ గ్లాసు ముందు చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చునేది. "నీలాగే నీ నీళ్లకీ కుదురు లేదయ్యా" అనేది.

అప్పుడాయన చెవులు బాగానే ఉండేవి. తర్వాత కంప్రెసరు వాటిని కొంచెం కొంచెంగా తినేసింది.

బోరు నుంచి వీధి చివరి తొట్టిదాకా వెళ్లే ఇనప పైపు వాళ్ల వంటింటి గోడనానుకునే పోతుంది. అదే వాళ్లిద్దరి మధ్య మాట. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి గరిటెతో పైపు మీద ఒక దెబ్బ కొడితే టీ అయిందని. రెండు కొడితే అన్నం. మూడు కొడితే ఉన్నపళంగా రమ్మని. ఆయన ఆ చివర, బోరు దగ్గర, పైపు మీద అరచెయ్యి వేసి ఉంచేవాడు. నీళ్లు వచ్చేదీ ఆగేదీ ఆ చేతికే తెలుస్తుంది, పెళ్లాం పిలిచేదీ ఆ చేతికే తెలుస్తుంది. జవాబుగా మిషను ఆపేవాడు. చప్పుడు ఆగిందంటే "వస్తున్నా" అని. మూడు దెబ్బలు ఆమె ఇన్నేళ్లలో నాలుగైదుసార్లే కొట్టింది. ఒకసారి చూరు అంటుకున్నప్పుడు, ఒకసారి వాళ్లమ్మ పోయినప్పుడు.

సంచి జిప్పు లాగి ఆమె మొగుడి ఎదుట నిలబడింది. పెదాలు విప్పి, చేతులు తిప్పుతూ చెప్పింది.

"బండి పదింటికొస్తుంది. రాగానే మూడు కొడతా. ఆపి రా."

"రాకుండా ఎలా ఉంటానే?" అన్నాడు, అవసరానికి మించి గట్టిగా. తర్వాత, తెల్లారినప్పటి నుంచి నాలుగోసారి అడిగాడు. "నేనూ వచ్చేస్తే?"

"నువ్వొచ్చి ఏం చేస్తావు? డాక్టరు ఏమన్నా తలూపుతావు. ఆ తలూపుడికి కడుపులో గడ్డతోపాటు కాళ్లూ చేతులూ కోసేసుకుంటారు. ఆపరేషను పైవారం శుక్రవారంగా? గురువారం బయల్దేరు. అప్పటికి నీ బదులు మనిషి వస్తాడన్నావుగా."

ఆయన తలూపాడు. ఆమె తమ్ముడి వైపు తిరిగి "చూశావా?" అంది.

ఎనిమిదింటికి ఇంజను తిప్పాడు. తొట్టి దగ్గర బిందెలు అప్పటికే బారులు తీరాయి. గంటన్నర నీళ్లు బాగానే వచ్చాయి. తొమ్మిదిన్నర దాటాక ఆయన అరచేతి కింద పైపు తేలికైపోయింది. లోపల ఉత్త గాలి ఈలలు వేస్తోంది.

వీధి మొదట్లో కొట్టు నడిపే చెల్లెమ్మ ఖాళీ బిందెతో పరుగున వచ్చి ఆయన చెవిలో అరిచింది. "అన్నయ్యా, మీ పేరు గాలైతే అయింది, బిందెల్లోకి కూడా గాలే పంపుతున్నారేంటి?"

"నీళ్లు దిగిపోయాయమ్మా. గొట్టం ఇంకో ముడి దించాలి."

ఆ ముళ్లు పెళ్లాం కట్టినవే. పాత ఎర్రచీర చింపి పదేసి అడుగులకో పీలిక కట్టింది, లోతు ఎంతో ఆయన లెక్క తప్పకుండా. గొట్టం దించాలంటే మిషను ఆపాలి, బిగింపు వదలాలి, మళ్లీ బిగించాలి. పావుగంట పని. ఆయన గడియారం చూసుకున్నాడు. పదికి పది నిమిషాలు. ఎలాగూ బండి రాగానే కొడుతుంది కదా అనుకున్నాడు. వంగి రెండు చేతులతో గొట్టం పట్టుకుని, పానా బిగించి, కాలితో మీట తన్ని ఇంజను ఆపాడు.

పీలిక ఒకటి బోరు నోట్లోకి జారి కనపడకుండా పోయింది. బిగించాడు. ఇంజను తిప్పాడు. దగ్గు, బురద, ఆపైన ఒక్కసారిగా నీళ్లు. ఏళ్లయింది అంత ధార చూసి. అరచెయ్యి పైపు మీద పెడితే పైపంతా జ్వరమొచ్చినట్టు వణుకుతోంది. అవతల ఆడవాళ్లు బిందెలెత్తి ఊపారు. ఆయనకి చిన్నపిల్లాడిలా సంతోషమేసింది. ఇది చెప్పాలి దీనికి వెళ్లేముందు, అనుకున్నాడు.

అరచెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు. పది దాటింది. పదింబావు అయింది. అద్దె బళ్లు ఎప్పుడు టైముకొచ్చి చచ్చాయి గనక, అనుకున్నాడు. పదిన్నరకి మనసాగక మిషను ఆపి ఇంటికి నడిచాడు.

తలుపుకి తాళం. తాళంచెవి ఎప్పటిలాగే గూట్లో ఉంది. లోపల అన్నం మీద మూత, మూత మీద గ్లాసు. వంటింటి వెనక పైపు మీద ఎన్నో ఏళ్ల దెబ్బలకి రంగు పోయిన చోట, మూడు కొత్త గాట్లు మెరుస్తున్నాయి. కింద తుప్పు పొరలు రాలి ఉన్నాయి, ఇంకా గాలికి ఎగిరిపోలేదు.

పరిగెత్తే వయసు కాదు. అయినా రోడ్డుదాకా పరిగెత్తాడు. రోడ్డు మీద ఏమీ లేదు.

ఐదోరోజు కొట్టు చెల్లెమ్మ కబురు పెట్టింది, వదిన ఫోను చేసిందని. ఫోను తన చెవికే పెట్టుకుని, వింటూ ఒక్కో ముక్కా ఆయన చెవిలో అరిచింది.

"బాగానే ఉందట. అన్నం తింటున్నారా అంటోంది."

"తింటున్నా."

"అబద్ధమంటోంది." చెల్లెమ్మ నవ్వి మళ్లీ విన్నది. "ఆరోజు బండి ముందే వచ్చింది, మూడు కొట్టానో లేదో టక్కున మిషను ఆపాడమ్మా మీ అన్నయ్య, ముసలాడికి నా చేతి దెబ్బ ఇంకా తెలుస్తోంది అంటోంది. మీరొస్తారని కాసేపు చూసిందట. మళ్లీ ఇంజను తిప్పేసరికి, ధార పడినట్టుంది, వదిలి రాలేడులే, ఆపి చెప్పాడుగా, నాకది చాలు అనుకుని బండెక్కిందట."

ఆయన కొట్టు బల్ల అంచు పట్టుకున్నాడు. కాలితో తన్నిన మీట గుర్తొచ్చింది. రెండు చేతుల్లో గొట్టం, పైపు మీద ఏ చెయ్యీ లేకపోవడం గుర్తొచ్చింది.

"ఏం చెప్పమంటారన్నయ్యా? లైనులో ఉంది."

"విన్నానని చెప్పమ్మా," అన్నాడు. "మొదటి దెబ్బకే విన్నానని చెప్పు."

ఆ రాత్రే తన సంచి సర్దుకున్నాడు. రెండు చొక్కాలు, ఒక పంచె, ఆమె దువ్వెన మర్చిపోతే అదీ. గురువారం పొద్దున్న బస్సు.

డాక్టర్లు శుక్రవారం దాకా ఆగలేదు. ఆమె తిరిగి రాలేదు. ఎనిమిదోరోజు, బుధవారం పొద్దున్న పదీ ఇరవైకి, ఆపరేషను బల్ల మీదే పోయింది. అప్పుడు ఇక్కడ మిషను నడుస్తోంది, ఆయన అరచెయ్యి పైపు మీదే ఉంది. వంటింటి కిటికీలో గరిటె, వంగిన కాడ పైపు వైపు తిరిగి, ఆమె పెట్టి వెళ్లినట్టే ఉంది.