గేటు పక్క ఆరు బోర్లు

ఆమె సంచిలో భర్త బట్టలు రెండు జతలు, మోకాళ్ళ నొప్పి మాత్రలు, తువ్వాలు సర్దుతోంది. ఆయన మట్టి పరీక్షలు చేసే ఇంజనీరు. ముందుగదిలో ఆయన యజమాని కాలు మీద కాలేసుకుని, ముప్పై అంతస్తుల భవనం ప్లాను బల్ల మీద పరిచాడు. బతికేది మట్టి మీద, అయినా చెప్పులకి దుమ్మంటని ఘనుడు అతగాడు.

"రిపోర్టు మీద సంతకం గీకి సైటుకి బయల్దేరవయ్యా. అడుగంతా రాయే. మొత్తానికీ కలిపి పునాదిగా ఒకటే కాంక్రీటు పలక పరిచేద్దాం. నేల లోతుకి పైల్స్ స్తంభాలు దింపడం దండగ."

ఆమె వచ్చి ప్లానులోకి తొంగి చూసింది. ఇరవై ఏళ్ళుగా భర్త రిపోర్టులు చదివి చదివి మట్టి తీసి చూడడానికి వేసిన బోర్లని చూపే చుక్కల సంగతి ఆమెకి పట్టుబడింది.

"ఆరు బోర్లూ గేటు పక్కనే వేశారేం అన్నయ్యగారూ? వెనకవైపు ఒక్కటీ లేదే!"

"వెనక మోడల్ ఫ్లాట్ కట్టేశాంగా చెల్లెమ్మా. డ్రిల్లింగ్ మిషను పట్టదు."

"బాగుంది! జనానికి చూపించేది ముందు కట్టి, మీరు చూసుకోవలసింది మానేశారన్నమాట. అక్కడ ఇటుకబట్టీ వాళ్ళు తవ్విన గుంటని చెత్తతో పూడ్చారట. పలక సగం రాయి మీద, సగం చెత్త మీద ఉంటే బిల్డింగు ఒరగదూ?"

యజమాని పకపకా నవ్వాడు. "ఏవయ్యా, మీ ఇంట్లో ఇంజనీరెవరు?"

భర్త నేలచూపులు చూశాడు. ఆ చూపంటే ఆమెకి ఒళ్ళుమంట.

"చెప్పండి, నోట్లో నాలుక లేదా? చూడని నేలకి సంతకం పెట్టేట్టయితే మీ సంచి మీరే సర్దుకోండి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తీసిన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"మిషను పట్టకపోతే మనుషులతో గుంట తవ్విస్తాను సార్. దిగి చూశాకే సంతకం. పక్కలు కూలకుండా చెక్కలు పంపించండి."

"చెక్కలా! బావి తవ్వుతున్నావా? రెండ్రోజులిస్తా, గోక్కో పో."

ఆమె గర్వంగా సంచి జిప్పు లాగింది.

చెక్కలు రాలేదు. అయినా ఆయన గుంటలోకి దిగాడు. రెండు నిలువుల లోతున కూడా గాజుపెంకులు, గుడ్డపీలికలే. 'వెనక సగానికి పైల్స్ తప్పవు' అని రాసిన కాగితాన్ని మట్టి తోడే తట్టలో వేసి పైనున్న మేస్త్రీకి పంపాడు. నిచ్చెన మీద కాలు పెట్టేలోగా గుంట పక్కగోడ విరిగి ఆయన మీద పడింది.

యజమాని ఆ తర్వాత పైల్స్ వేయించాడు. 'అంగుళం అంగుళం పరీక్షించిన నేల' అని బోర్డు కూడా పెట్టించాడు, సిగ్గులేని జన్మ.

ఆమె భర్త సోమవారం వెళ్ళాడు. గుంట కూలింది బుధవారం పొద్దున పదకొండింటికి. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు.