కంప్యూటర్లో జయమ్మ గొంతు

గిరిధరరావు కాకినాడ నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చింది 1997లో, ఓడల కంపెనీలో ప్రోగ్రామరు ఉద్యోగానికి. రెడ్‌హిల్‌లో కెస్సీ గారింటి వెనక గది అద్దెకు తీసుకున్నాడు. దిగిన రోజున సామాను మోస్తుంటే వంటింటి గుమ్మంలోంచి ఓ పెద్దావిడ, "అన్నం తిన్నావేటి అబ్బాయ్?" అంది. గిరి చేతిలో పెట్టె కింద పెట్టేశాడు. ఆ విశాఖ వైపు యాసలో పలకరింపు వాళ్ల అమ్మమ్మ పోయాక వినలేదు.

ఆవిడ కెస్సీ భార్య జయమ్మ. పుట్టింది డర్బన్ దక్షిణాన చెరుకుతోటల ఊరైన ఉంజింటోలో. వాళ్ల తాతమ్మ విశాఖపట్నం వైపు నుంచి చెరుకు కోతకు ఓడెక్కి వచ్చిన మనిషి. కెస్సీ పెద్దలు తమిళులు, ఆయనకు ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. కొడుకు డెన్వర్‌కీ అంతే. అక్కచెల్లెళ్లు పోయాక జయమ్మకు తెలుగులో మాట్లాడే మనిషి లేకుండా పోయింది. ఇన్నాళ్లూ గిన్నెలతోనూ దేవుడితోనూ మాట్లాడింది. గిరి వచ్చాక సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని అతనితో మాట్లాడేది. "నన్ను దొడ్డమ్మా అను" అంది.

మరుసటి ఏడాది జూన్‌లో, అక్కడి చలికాలంలో, ఆవిడకు కడుపులో క్యాన్సరని తేలింది. ఓ ఆదివారం కెస్సీ గిరి గదికి వచ్చి, మంచం అంచున కూర్చున్నాడు. ఇన్నేళ్లు కాపురం చేశాననీ, ఆమె తనలో తాను అనుకునే మాటల్లో సగం తనకు తెలియవనీ చెప్పాడు. అవన్నీ రికార్డు చేయాలి, తర్వాత గిరి తీరిగ్గా కూర్చుని అర్థం చెప్పాలి. క్యాసెట్లయితే డర్బన్ తేమకు బూజు పడతాయి. కంప్యూటర్లో అయితే ఎప్పటికీ ఉంటాయని ఆయన నమ్మకం. గిరి సరేనన్నాడు.

కెస్సీ దగ్గర పాత కంప్యూటరొకటి ఉండేది, విండోస్ రాకముందటి డాస్ మీద నడిచేది. దానికి ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఉచితంగా ఇచ్చే యాంటీవైరస్ ఫ్లాపీ ఒకటి సంపాదించి, ఆదివారం ఆదివారం శ్రద్ధగా నడిపేవాడు. డెన్వర్ భార్య వల్లీ పెళ్లికార్డుల ప్రెస్సులో మ్యాక్ అనే వేరే రకం కంప్యూటర్ మీద పనిచేసేది. దానికీ ఎవరో ప్రొఫెసరు రాసి ఊరికే పంచిపెట్టిన యాంటీవైరస్ ఉండేది. గొంతు రికార్డు చేయడానికి మాత్రం విండోస్ మెషీన్ కావలసి వచ్చి, కెస్సీ ఒకటి కొన్నాడు. కొత్త మెషీన్ పెట్టిన రోజునే గిరి చెప్పాడు, దీనికి వేరే యాంటీవైరస్ కొనాలి, ఈ ఫ్లాపీ పాత వైరస్‌లనే పట్టుకుంటుంది అని. కెస్సీ తలూపాడు. తర్వాత ఆసుపత్రి తిరుగుళ్లు మొదలయ్యాయి. ఆ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. పాత ఫ్లాపీయే ఆదివారాలు నడుస్తూ వచ్చింది. "వైరస్ లేదు" అని తెర మీద కనిపిస్తే కెస్సీకి నిశ్చింత.

జయమ్మ మొదట సిగ్గుపడింది. "ఈ డబ్బాతో ఏటి మాటాడాల?" అంది. తర్వాత అలవాటు పడింది. పులుసు పెట్టడం చెప్పింది, పాటలు పాడింది, 1994లో అన్ని రంగులవాళ్లకూ ఓటుహక్కు వచ్చి మొదటిసారి ఓటెయ్యడానికి ఎండలో నిలబడి కాళ్లు వాచిన సంగతి చెప్పింది. నీరసంగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని మాట్లాడేది. గిరి ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ రోజు మాటల్ని కెస్సీ కంప్యూటర్లో రికార్డు చేసి ఉంచేవాడు. శబ్దం సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి నాలుగైదు విన్నాడు. మిగతావి తర్వాత వినొచ్చనుకున్నాడు.

రికార్డింగుల్లో ఒకటే గుంయ్‌మనే హోరు. అది డెన్వర్‌కు బాధగా ఉండేది. హార్బరులో క్రేన్ల మెకానిక్కు అతను. తల్లి దగ్గర కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, చేతులతో ఏదైనా బాగుచేసి పెట్టడం మాత్రం తెలుసు. ఫుట్‌పాత్ మీద అమ్మే దొంగ కాపీ సీడీల్లో శబ్దం శుభ్రంచేసే ప్రోగ్రాం ఒకటి తెచ్చి, తనే ఎక్కించాడు. హోరు చాలావరకు పోయింది. జయమ్మ తన గొంతు తను విని నవ్వింది. డెన్వర్ ఆ రోజంతా హుషారుగా తిరిగాడు.

ఫిబ్రవరిలో జయమ్మ పోయింది.

ఆ తర్వాత కెస్సీ రోజూ పొద్దున టీ కప్పుతో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఏదో ఒకటి పెట్టుకుని వినేవాడు. అర్థం కాకపోయినా వినేవాడు. గిరి, ఈస్టర్ సెలవులకు కూర్చుని అర్థం రాసిస్తానన్నాడు. అప్పుడు ఆఫీసులో పని మీద పడింది. 1994 ఓటు రోజు పేరిట ఇచ్చే ఫ్రీడమ్ డే సెలవుకు మొదలుపెడదామన్నాడు.

ఆ సెలవుకు ముందురోజు, ఏప్రిల్ ఇరవై ఆరున, కెస్సీ మామూలుగా స్విచ్చి వేశాడు. తెర కాసేపు వెలిగి ఆగిపోయింది. మళ్లీ వేస్తే వెలగనే లేదు. అదే పొద్దున గిరి ఆఫీసులోనూ కొన్ని మెషీన్లు అలాగే పడిపోయాయి. ఆ తేదీ కోసం నెలల తరబడి దాక్కుని కూర్చునే వైరస్ అని తెలియగానే గిరి ఇంటికి ఫోన్ చేశాడు, కంప్యూటర్ ముట్టుకోవద్దని చెప్పడానికి. "పాడైపోయింది గిరీ" అన్నాడు కెస్సీ ఫోనెత్తి.

గిరి డిస్కు విప్పి ఆఫీసుకు తీసుకెళ్లాడు. తెలిసినవాళ్లందరినీ అడిగాడు. జొహానెస్‌బర్గ్‌లో ఇలాంటి పనిచేసేవాళ్లకు పంపించాడు. ఓ చిన్న ముక్క మాత్రం తిరిగొచ్చింది. అందులో కుర్చీ జరిపిన చప్పుడు, ఆపైన "ఆన్ అయిందా?" అని అడుగుతున్న కెస్సీ గొంతు. అంతే. జయమ్మ మాట మొదలయ్యే చోట ఆగిపోయింది. కెస్సీ దాన్ని ఒక్కసారే విన్నాడు.

ఆ వైరస్ ఎలా వచ్చిందని ఆయన అడిగాడు. కాపీ సీడీలతోనే ఎక్కువగా వచ్చిందంటున్నారని గిరి చెప్పాడు. "డెన్వర్‌కు చెప్పకు" అన్నాడు కెస్సీ. "మెషీన్ దానంతటదే చెడిపోయిందని చెబుదాం."

కానీ కాపీ సీడీల సంగతి పేపర్లో వచ్చింది. ప్రెస్సులో వల్లీ చదివింది. తన మ్యాక్‌కు ఏమీ కాలేదు, ఆ వైరస్ దాని జోలికి రాదు. ఇంటికొచ్చి ఆ మాట మామూలుగా భర్తతో అంది. అంటూనే అతని ముఖం చూసి ఆగిపోయింది.

డెన్వర్ ఓ శనివారం మధ్యాహ్నం వల్లీతో కలిసి వచ్చాడు. తండ్రి ముందు నిలబడి, ఆ సీడీ తెచ్చింది నేనే అన్నాడు. కెస్సీ కొడుకు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మీ అమ్మకు నచ్చింది. నవ్వింది, నువ్వూ చూశావు" అన్నాడు. డెన్వర్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

తర్వాత తలెత్తి, అక్కడే ఉన్న గిరిని అడిగాడు. "నువ్వు విన్నావు కదా. ఏం చెప్పింది?"

గిరి విన్నవి కొన్నే. ఉన్నంతలో చెప్పడం మొదలుపెట్టాడు. పులుసు సంగతి, ఓటు సంగతి. తర్వాత డెన్వర్ పుట్టినప్పటిది ఒకటుంది అన్నాడు. కాన్పుకు ఆవిడ ఉంజింటోలో పుట్టింటికి వెళ్లింది. బిడ్డ పుట్టిన రోజున పక్క చెరుకుతోటను ఎండాకు పోవడానికి కోతకు ముందు తగలబెట్టారు. ఆ మసి గాలికి ఎగిరొచ్చి, ఆరేసిన గుడ్డలన్నిటి మీదా రాలింది.

ఇదంతా గిరి ఇంగ్లీషులో చెప్పాడు.

"అలా కాదు, ఆమె చెప్పినట్టే చెప్పు" అన్నాడు డెన్వర్.

"నీకు అర్థం కాదు కదా."

"ఫరవాలేదు."

గిరి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. "సెరుకు తోటకి నిప్పెట్టినారు. గుడ్డలన్నిటి మీదా మసి. మాయమ్మ ఒకటే తిట్లు. నాకేటో నవ్వొచ్చినాది. బిడ్డ సేతిలో ఉన్నాడు, మసైతే ఏటి."

తన నోట ఆ మాటలు నాటకంలో మాటల్లా వినిపించాయి గిరికి. మధ్యలో ఏదో వదిలేశాననీ తెలుసు. ఏం వదిలేశాడో అడగడానికి మనిషి లేదు.

డెన్వర్ చివరి మాట పట్టుకుని అనబోయాడు. నాలుక తిరగలేదు. మళ్లీ అన్నాడు.

కెస్సీ తల అడ్డంగా ఊపాడు. "మీ అమ్మ ఇంకాస్త తొందరగా అనేది" అన్నాడు.

ఎంత తొందరగానో ఆయనా అని చూపించలేకపోయాడు. వల్లీ లోపలికి వెళ్లి టీ పెట్టింది.