తెగిన రెండంగుళాలు

దర్జీ మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు లేరు. అందుకే ఊరంతా ఆయన్ని టేపు మామయ్య అనేది. అది కొట్టు టేపు. మిషను సొరుగులో ఇంకొకటి ఉండేది, ఊరి ఏరు కొలిచే ఏటి టేపు. దాని మొదటి కొస చివికిపోతే ఎప్పుడో రెండంగుళాలు కత్తిరించి పారేశాడు. "వచ్చిన అంకెలోంచి రెండు తీసేసుకుంటే సరి, దానికోసం నిక్షేపంలాంటి టేపు పారేస్తామా?" అని తనలో తనే సర్దిచెప్పుకునేవాడు. పిసినారితనానికి ఎన్ని ముద్దుపేర్లో!

ఆరేళ్ళ కిందట ఆ ఏట్లో నీళ్ళకంటే చెత్తే ఎక్కువ. రిటైరైన లెక్కల టీచరు పూనుకుని ఏటి సంఘం పెట్టింది. జనం మోకాలి లోతు బురదలో దిగి చెత్త ఎత్తారు, గట్లు కోసుకుపోకుండా గడ్డి నాటారు, ఎగువ కొండవాలున వాన నీరు ఇంకేలా కందకాలు తవ్వారు. ఎవరికి చేతనైన పని వారిదని టీచరు అంటే, దర్జీకి కొలత దక్కింది. ప్రతి ఆదివారం కాలిబాట వంతెన కింద, స్తంభానికి కొట్టిన మేకు దగ్గర నుంచి టేపు వదిలి, కొస నీటిని తాకగానే మేకు దగ్గరి అంకె చూసేవాడు. ఏరు దిగితే అంకె పెరుగుతుంది. అందులోంచి రెండు తీసేసి పుస్తకంలో రాసేవాడు. ఆ రెండు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పోయినేడు నీళ్ళ సీసాల కంపెనీ ఒకటి ఎగువన బోర్లు వేసింది. ఏడాదిలోపు ఏరు నాలుగంగుళాలు దిగితే పంపులు ఆపాలని నిబంధన. అప్పటికి పుస్తకంలో లెక్క ఇరవై ఎనిమిది. ఆ నెలలోనే టేపు మామయ్య గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.

కొలత కోడలి చేతికొచ్చింది. ఏడో తరగతితో బడి మానేసిన పిల్ల. కొట్లో తన టేపు తనకుంది, ఏటి టేపు అదివరకు ముట్టి ఎరగదు. ఉన్న అంకె ఉన్నట్టు గుండ్రంగా రాసింది. టీచరు ఆ పుస్తకం సంఘమంతా తిప్పి, "చూడండి, ముత్యాలు!" అంది. ఆ రోజు కోడలు ఇంటికొచ్చి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన రాతను మెచ్చుకున్నవాళ్ళు అదివరకు లేరు మరి. ఏడాది తిరక్కముందే అంకె ముప్పై మూడుకొచ్చింది. అయిదంగుళాలు! టీచరు నీటి శాఖ అధికారి దగ్గర విచారణ పెట్టించింది. లెక్కలు కోడలే చదవాలంది.

విచారణకు ముందు ఆదివారం టేపు మామయ్య కర్ర పట్టుకుని తనే కొలవడానికి వెళ్ళాడు. ముప్పై మూడు. అలవాటుగా ముప్పై ఒకటి అని రాశాడు.

కోడలు తొంగిచూసి నవ్వింది. "అదేంటి మామయ్యా, పోయినవారం ముప్పై మూడు కదా! చుక్క వాన లేదు. మిమ్మల్ని చూసి ఏరు ఉబ్బిపోయిందా?"

"నువ్వు రెండు తీసేయలేదా అమ్మా?"

"తీసేయడమేంటి?"

ఆయన పుస్తకం వెనక్కి తిప్పి చూశాడు. దిగింది అయిదు కాదు, మూడు. ఈ సంగతి తెలిసినవాడు తనొక్కడే. నోరు మూసుకుంటే పంపులు ఆగుతాయి, ఏరు బతుకుతుంది, కోడలి పరువు నిలుస్తుంది. కానీ నలభై ఏళ్ళలో ఒక్క చొక్కాకైనా దొంగ కొలత రాయని మనిషి. అక్కడే, వంతెన మెట్ల మీదే చెప్పేశాడు.

"టీచరుగారు నా రాత అందరికీ చూపించారు మామయ్యా," అంది కోడలు.

"తప్పు నాది. నేనే చెప్తాలే, నువ్వు రాకు."

ఆమె పుస్తకం తీసి సంచిలో పెట్టుకుంది.

విచారణకు వచ్చింది. అధికారి ముందు నిలబడి మొదటి నుంచీ చదివింది. టీచరు మొహం వెలిగిపోతోంది, కంపెనీ మేనేజరు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. ముప్పై మూడు దగ్గర ఆగి, టేపు మామయ్య కర్ర ఊని లేచేలోపే, కోడలు అంది: "నేను రాసిన ప్రతి అంకెలోంచీ రెండు తీసేయండి సార్. టేపు కొస తెగి ఉంది. నాకు తెలియక రాశాను."

అధికారి లెక్క చూశాడు. "అయితే మూడే. పంపులు నడుస్తాయి."

మెట్ల మీద టీచరు దర్జీ వైపు తిరిగింది. "పుట్టి ముంచారు కదండీ! ఆ ఒక్క ముక్క ఆరేళ్ళలో ఎప్పుడైనా చెప్పి ఉంటే ఏం పోయేది?" ఆమె అన్నది నిజమే.

తర్వాత రెండు ఆదివారాలు ఏటి దగ్గరికి సంఘం వాళ్ళెవరూ రాలేదు. మామాకోడళ్ళే వెళ్ళారు. ఈలోగా కోడలు దళసరి తెల్ల పట్టీ సరిగ్గా రెండంగుళాలు కత్తిరించి, ఏటి టేపు కొసకి కుట్టేసింది.

మూడో ఆదివారం టేపు వదిలి, "ముప్పై రెండు," అంది.

ఆయన ముప్పై అని రాశాడు.

"తీసేయకండి మామయ్యా! ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే."

కొట్టేసి ముప్పై రెండు రాశాడు. నాలుగంగుళాలు. విచారణలో తక్కువపడ్డ ఆ ఒక్క అంగుళం. అది ఎందుకు లేకపోయిందా అని మూడు వారాలుగా కుమిలిపోయాడు. ఏడాది గడువు ఇంకా నిండలేదు, పంపులు ఇక ఆగాల్సిందే.

"టీచరుగారికి ఫోన్ చేయనా?" అడిగింది కోడలు.

ఆయన కిందికి చూశాడు. సంఘం నాటిన గడ్డి వేళ్ళు నీళ్ళందక గాలిలో వేలాడుతున్నాయి.

"చేద్దువుగాని. ముందు ఇంకొక్కసారి కొలువమ్మా," అన్నాడు. "తప్పేమో."

కోడలు వంగి మళ్ళీ టేపు వదిలింది.

"ముప్పై రెండే మామయ్యా."